తాతగారి 12 బోర్, ఆన్‌లైన్‌లో చూసిన ఎయిర్‌గన్, గట్టి స్ప్రింగు: మూడింటికీ నా జవాబు

మీరు గాజువాక నుంచి అడిగింది క్లుప్తంగా ఇదీ. వయసు 27, స్టీల్ ప్లాంటులో ఉద్యోగం. కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీలో .22 రైఫిల్ కాల్చారు, అప్పటినుంచి షూటింగ్ మీద మనసు పోలేదు. ఆన్‌లైన్‌లో ఒక .22 ఎయిర్‌గన్ "లైసెన్సు అక్కర్లేదు" అన్న మాటతో సెకండ్ హ్యాండ్‌లో కనిపించింది. అది కొని, గట్టి స్ప్రింగు వేయించి, స్కోపు బిగించి, డాబా మీద ప్రాక్టీసు చేద్దామని ఆలోచన. చివర్లో ఒకే ఒక్క వాక్యం: చోడవరం దగ్గర ఊళ్ళో తాతగారి 12 బోర్ తుపాకీ బీరువా వెనకాల ఉంది, ఆయన పోయి ఎనిమిది నెలలైంది, దాన్ని కూడా బాగు చేయించుకోవచ్చా?

మీరు చివర్లో పెట్టినదాన్ని నేను ముందుకు తెస్తున్నాను. మిగతావన్నీ సరదాకి సంబంధించినవి, వచ్చే నెల చూసుకున్నా నష్టం లేదు. ఈ 12 బోర్ సంగతి మాత్రం ఈ వారమే తేలాలి.

లైసెన్సు అనేది తుపాకీకి కాదు, మనిషికి ఇస్తారు. తాతగారు ఉన్నన్నాళ్ళు ఆ తుపాకీ చట్టబద్ధం. ఆయన పోయాక దాన్ని దగ్గర ఉంచుకునే హక్కు ఆ ఇంట్లో ఎవరికీ లేదు, మీ నాన్నగారికి కూడా. 1959 ఆయుధాల చట్టం 21వ సెక్షన్ దీని గురించే చెబుతుంది: ఆయుధం దగ్గర పెట్టుకోవడానికి చట్టబద్ధమైన ఆధారం పోయినప్పుడు, అనవసరంగా ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీస్ స్టేషన్‌లో గానీ లైసెన్సున్న డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేయాలి. డిపాజిట్ చేస్తే తుపాకీ పోయినట్టు కాదు. వారసుల పేరు మీద లైసెన్సు వస్తే తిరిగి తీసుకోవచ్చు, లేదా హక్కు ఉన్నవాళ్ళకి అమ్ముకోవచ్చు. ఎనిమిది నెలలు గడిచాయని భయపడి ఇంకో ఎనిమిది నెలలు దాచకండి. మనంతట మనం వెళ్ళి చెప్పడం వేరు, ఎవరో చెబితే వాళ్ళు వచ్చి తీయడం వేరు.

ఎలా చేయాలంటే, ముందు తుపాకీ ఎక్కడుందో అక్కడే ఉంచండి. మీరు బైక్ మీద పెట్టుకుని స్టేషన్‌కి బయల్దేరవద్దు. దారిలో ఆపితే మీ దగ్గర చూపించడానికి కాగితం లేదు. తాతగారి లైసెన్సు పుస్తకం, మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం దగ్గర పెట్టుకుని, మీ నాన్నగారి పేరుతో ఒక అర్జీ రాసి, ఆ ఊరి స్టేషన్‌లో ఇవ్వండి. తుపాకీ ఎలా తీసుకురావాలో, వాళ్ళే వచ్చి తీసుకుంటారో అడగండి. వీలైతే ఒక లాయర్ గారిని వెంట పెట్టుకోండి. డిపాజిట్ చేసినప్పుడు తుపాకీ నంబరు, తయారీ, ఎన్ని తూటాలు ఇచ్చారో రాసిన రశీదు తప్పకుండా తీసుకోండి. తూటాల సంగతి చాలామంది మర్చిపోతారు. పాత ట్రంకు పెట్టెలో నాలుగు గుళ్ళు మిగిలిపోయినా అవి కూడా లైసెన్సు లేని ఆయుధ సామగ్రి కిందే లెక్క.

ఇక్కడ మీ ఊరి విషయంలో ఒక చిన్న మెలిక ఉంది. తాతగారి లైసెన్సు మీద విశాఖపట్నం కలెక్టరు ముద్ర ఉండి ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చాక చోడవరం అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళింది. అందుకని ఆ ఊరి ఫైలు అనకాపల్లి కలెక్టరేట్‌లో అడగాలి. మీరు ఉండే గాజువాకకైతే నగర పోలీస్ కమిషనరే లైసెన్సు ఇచ్చే అధికారి. రెండు ఆఫీసుల మధ్య తిరగకుండా ముందే ఈ విషయం తెలుసుకుని వెళ్ళండి.

వారసత్వంగా తీసుకోవచ్చా అంటే, తీసుకోవచ్చు. 2016 ఆయుధాల రూల్సులో దానికి దారి ఉంది: లైసెన్సుదారు చనిపోయాక చట్టబద్ధమైన వారసుడు దరఖాస్తు చేసుకోవచ్చు. బతికుండగానే ఇవ్వాలన్నా, ఆయనకి 70 ఏళ్ళు నిండితే గానీ, 25 ఏళ్ళుగా ఆ ఆయుధం ఆయన దగ్గర ఉంటే గానీ, ఏది ముందైతే అప్పుడు వారసుడి పేరు మీదకి అడగవచ్చు. (ఇది చదివే మిగతావాళ్ళలో ఎవరి ఇంట్లోనైనా పెద్దాయన తుపాకీ ఉంటే, ఆయన ఉండగానే ఈ పని కానివ్వండి. దయచేసి.) మిగతా వారసులు మాకు అభ్యంతరం లేదని రాసివ్వాలి. మీకు లైసెన్సు అర్హత ఉందా లేదా అన్నది మళ్ళీ మామూలుగానే చూస్తారు. తాతగారి తుపాకీ కాబట్టి ఇచ్చేయరు. 2019 సవరణ తర్వాత ఒక మనిషి దగ్గర ఉండదగ్గ తుపాకులు రెండే, అంతకుముందు మూడు ఉండేవి. వారసత్వంగా వచ్చిందైనా ఈ రెండింటి లెక్కలోకే వస్తుంది. ముందు ముందు ఇంకా తుపాకులు కొనాలని ఆలోచన ఉంటే ఇది గుర్తుంచుకోండి.

ఇక ఆ తుపాకీని బాగు చేయించడం. ఊళ్ళో కమ్మరి చేతిలో పెట్టకండి. తుపాకీ రిపేరు చేయడానికే 5వ సెక్షన్ కింద లైసెన్సు ఉండాలి. బారెల్ మూతి తుప్పు తిన్నది కదా, నాలుగు అంగుళాలు కోయించేద్దాం అన్న ఆలోచన అసలు రానివ్వకండి. బారెల్ పొట్టి చేయడం, బొమ్మ తుపాకీని నిజం తుపాకీగా మార్చడం 6వ సెక్షన్ కిందకి వస్తాయి. 2019 తర్వాత దానికి శిక్ష ఏడేళ్ళకి తక్కువ కాకుండా, యావజ్జీవం దాకా ఉంది. మాట్లాడుతున్నది నేరస్థుల గురించి కాదు. పాతసామాను ముచ్చటగా ఉంచుకుందామనుకునే మామూలు మనుషుల గురించే.

ఇప్పుడు ఎయిర్‌గన్.

ఆ ప్రకటన నమ్మకండి. మా చిన్నప్పుడు .22 ఎయిర్‌గన్ ఎవరైనా కొనుక్కునేవాళ్ళు. కానీ 2016 రూల్స్ వచ్చాక లెక్క మారింది. బోరు (గొట్టం లోపలి వ్యాసం) 4.5 మిల్లీమీటర్లు, అంటే .177 అంగుళం దాటినా, మూతి దగ్గర శక్తి 20 జౌల్స్ దాటినా, ఆ ఎయిర్‌గన్‌కి లైసెన్సు కావాలి. .22 అంటే 5.5 మిల్లీమీటర్లు. శక్తి ఎంత తక్కువున్నా బోరు దగ్గరే గీత దాటేసింది. అమ్మేవాడు పాత బిల్లు చూపిస్తాడు, "అందరూ వాడుతున్నారు" అంటాడు. ఆ మాట రేపు మీ ఇంటికి స్టేషన్ నుంచి వచ్చినవాళ్ళ ముందు చెల్లదు.

.177 బోరు, 20 జౌల్స్ లోపు ఎయిర్ రైఫిల్ అయితే లైసెన్సు అక్కర్లేదు. కానీ దాన్ని కూడా సెకండ్ హ్యాండ్‌లో ముక్కూ మొహం తెలియని మనిషి దగ్గర కొనకండి. డీలర్ దగ్గర కొనండి, గుర్తింపు కార్డు, చిరునామా రుజువు ఇవ్వండి, మీ పేరు మీద బిల్లు తీసుకోండి. బిల్లు మీద బోరు, మోడలు, సీరియల్ నంబరు ఉన్నాయో లేదో షాపులోనే చూసుకోండి. ఆ బిల్లు జిరాక్సు రైఫిల్ కేసులోనే ఎప్పుడూ ఉండాలి. బీచ్ రోడ్డులో నాకా దగ్గర పొడుగాటి కేసు చూస్తే ఎవరైనా ఆపుతారు, ఆపాలి కూడా. తూర్పు నౌకాదళం ఉన్న ఊరు మనది. కాగితం చేతిలో ఉంటే రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

గట్టి స్ప్రింగు గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే కొత్తగా వచ్చే ప్రతి పదిమందిలో ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. పవర్ పెరిగితే గురి బాగుంటుందని అనుకుంటారు. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. బాల్ పెన్ను మొన ఆనించి తీసేస్తే పడే మచ్చ అంత. బీజింగ్‌లో 2008లో అభినవ్ బింద్రా బంగారు పతకం గెలిచింది ఈ పోటీలోనే. 2012 లండన్‌లో మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ కాంస్యం తెచ్చిందీ ఈ పోటీలోనే. ఆ స్థాయిలో వాడే రైఫిళ్ళ శక్తి సుమారు 7.5 జౌల్స్. అర గ్రాము బరువున్న సీసపు పెల్లెట్, సెకనుకి సుమారు 170 మీటర్ల వేగం. అంతే. ప్రపంచంలో అత్యంత కచ్చితమైన గురికి ఆ మాత్రం చాలు.

స్ప్రింగు రైఫిల్లో ట్రిగ్గర్ నొక్కగానే లోపల బరువైన పిస్టన్ ముందుకు దూకుతుంది. అది చివరికి వెళ్ళి కొట్టుకునేసరికి పెల్లెట్ ఇంకా బారెల్ దాటి ఉండకపోవచ్చు. అంటే పెల్లెట్ బయటికి వచ్చేలోపే రైఫిల్ మీ చేతిలో ఒకసారి వెనక్కి, ఒకసారి ముందుకి కదులుతుంది. స్ప్రింగు ఎంత గట్టిదైతే ఆ కుదుపు అంత ఎక్కువ. కుదుపు ఎక్కువైతే పెల్లెట్లు ఒకేచోట పడకుండా చెదురుతాయి. రెండు వైపులా కుదుపుండడం వల్ల మామూలు స్కోపుల లోపలి అద్దాలు కూడా వదులైపోతాయి. ఇలా డబ్బు పెట్టి రైఫిల్‌ని పాడుచేసుకున్నవాళ్ళని నేను చూశాను. ఇక చట్టం వైపు నుంచి చూస్తే, 20 జౌల్స్ దాటిన రోజు మీ బిల్లు పనికిరాదు. లైసెన్సు లేని ఆయుధం మీ చేతిలో ఉన్నట్టే. కాబట్టి రైఫిల్లో గాలిని, శక్తిని పుట్టించే భాగాల జోలికి వెళ్ళకండి. నా మాటగా ఒక్కటి గట్టిగా చెబుతాను: మార్చాల్సింది మీ శరీరానికి తగిలే భాగాలను, తూటాని తోసే భాగాలను కాదు.

శరీరానికి తగిలే భాగాల్లో మార్చడానికి బోలెడంత ఉంది, అసలు విద్య అంతా అక్కడే ఉంది.

నేను మొదట కొన్న రైఫిల్ బట్ (భుజానికి ఆనించే వెనక భాగం) నా చేతికి రెండు వేళ్ళు ఎక్కువ పొడవు. అప్పుడు తెలియలేదు. ట్రిగ్గర్ అందుకోవడానికి భుజం ముందుకి తోసేవాడిని, దాన్ని సరిచేయడానికి మెడ వంచేవాడిని. రెండేళ్ళు స్కోరు ఒకేచోట ఆగిపోయింది, ఎడమ భుజం కింద నొప్పి పట్టుకుంది. ఒక కోచ్ గారు నా వెనక నిలబడి పది నిమిషాలు చూసి, బట్ ప్లేటు వెనకాల ఉన్న స్పేసర్లు (పొడవు సర్దే పలకలు) రెండు తీసేశారు. ఆ సాయంత్రమే తేడా తెలిసింది.

మీరు ఇలా చూసుకోండి. రైఫిల్ భుజానికి పెట్టి, కళ్ళు మూసుకుని, చెంప హాయిగా ఆనేచోట ఆనించండి. ఊపిరి రెండుసార్లు తీసి వదలండి. ఇప్పుడు కళ్ళు తెరవండి. గురి చూసే వెనక సైట్ రంధ్రంలోంచి ముందు సైట్ గుండ్రంగా, మధ్యలో కనిపిస్తే చీక్ పీస్ (చెంప ఆనించే భాగం) ఎత్తు సరిపోయినట్టు. చంద్రవంకలాగా ఒక పక్క నల్లగా కనిపిస్తే ఎత్తు గానీ పక్కకి జరపడం గానీ చేయాలి. మెడ జరపకూడదు, చీక్ పీస్‌నే జరపాలి. ఒకసారికి ఒక మిల్లీమీటరు. స్క్రూ ఎన్ని చుట్లు తిప్పారో నోట్‌బుక్‌లో రాసుకోండి. రాయకపోతే వారం తర్వాత పాత చోటుకి తిరిగి వెళ్ళలేరు.

పిస్టల్ గ్రిప్ కూడా అంతే. చెక్క గ్రిప్‌కి మధ్యవేలు ఆనేచోట ఖాళీ ఉంటే వుడ్ పుట్టీ పెట్టి, ఆరాక ఇసుక కాగితంతో రుద్ది, చేతికి పట్టేలా చేసుకోవచ్చు. అందరూ చేస్తారు, తప్పు లేదు. పోటీ తుపాకుల ట్రిగ్గర్‌లో నొక్కడానికి కావలసిన బరువు, మొదటి దశ పొడవు తయారీదారు ఇచ్చిన స్క్రూలతో సర్దుకోవచ్చు. ఆ హద్దులోనే ఉండండి. ఎయిర్ పిస్టల్‌కైతే పోటీలో కనీసం 500 గ్రాముల ట్రిగ్గర్ బరువు ఉండాలి, తూచి చూస్తారు. రైఫిల్‌కి ఆ కనీస పరిమితి లేదు గానీ, కొత్తవాళ్ళకి మరీ తేలిక ట్రిగ్గర్ మంచిది కాదు. వేలు ఇంకా చెప్పిన మాట వినని దశలో తుపాకీ దానంతట అది పేలినట్టు అనిపిస్తుంది, దానివల్ల ఉలిక్కిపడే అలవాటు వస్తుంది. ఆ అలవాటు పోగొట్టడానికి నెలలు పడుతుంది.

స్కోపు వద్దంటాను. 10 మీటర్ల పోటీలో స్కోపుకి అనుమతి లేదు, రంధ్రం సైట్ మాత్రమే. మన దగ్గర కొత్తవాళ్ళ కోసం ఓపెన్ సైట్ (రంధ్రం బదులు గాడి ఉన్న సైట్) పోటీలు కూడా పెడతారు, మీరు అక్కడ మొదలుపెట్టవచ్చు. స్కోపు మీ చేతి వణుకుని పెద్దది చేసి చూపిస్తుంది, దాంతో దాన్ని తరుముకుంటూ కాలుస్తారు. సన్న రంధ్రం అలా చేయదు.

ఏ రైఫిల్ కొనాలి అన్నదానికి నా సలహా, ఆర్నెల్లు ఏదీ కొనకండి. రేంజ్‌లో క్లబ్బు రైఫిల్‌తో కాల్చండి. జిల్లా రైఫిల్ అసోసియేషన్‌లో సభ్యత్వం తీసుకోండి. అది రాష్ట్ర సంఘానికి, రాష్ట్ర సంఘం 1951లో మొదలైన జాతీయ రైఫిల్ సంఘానికి అనుబంధంగా ఉందో లేదో అడిగి చేరండి. రేపు పోటీలకైనా, .22 లైసెన్సుకైనా ఆ సభ్యత్వమే మీకు పునాది. ఆర్నెల్లలో మీకు రైఫిల్ నచ్చుతుందో పిస్టల్ నచ్చుతుందో తేలుతుంది. మీ ఒళ్ళు ఎలాంటిదో, ఎడమకన్ను బలమైనదా కుడికన్నా అన్నది కూడా తెలుస్తుంది. రెండు చేతులూ చాపి, బొటనవేళ్ళూ చూపుడువేళ్ళూ కలిపి చిన్న సందు చేసి, అందులోంచి దూరంగా ఉన్న గడియారాన్ని చూస్తూ ఒక్కో కన్ను మూయండి. ఏ కన్ను తెరిచినప్పుడు గడియారం సందులోనే ఉంటుందో అది మీ బలమైన కన్ను. కుడిచేతి వాటం, ఎడమకన్ను బలం అయినవాళ్ళు చాలామంది ఉంటారు. వాళ్ళు కుడిచేతి రైఫిల్ కొనేసి ఏళ్ళ తరబడి ఒక కన్నుకి ప్లాస్టర్ వేసుకుని తిప్పలు పడుతుంటారు.

కొనే రోజు వచ్చాక మన దేశంలో తయారైన ప్రెసిహోల్ లాంటి .177 రైఫిల్‌తో మొదలుపెట్టండి. జర్మనీవి, ఆస్ట్రియావి, ఫైన్‌వెర్క్‌బౌ, వాల్తెర్, అన్షుట్జ్, స్టెయర్ లాంటివి లక్ష దాటుతాయి. వాటిని రాష్ట్ర స్థాయి పోటీకి తగ్గ స్కోరు వచ్చాక ఆలోచించండి. డబ్బు మిగిలితే దాన్ని షూటింగ్ జాకెట్ మీద, పెల్లెట్ల మీద, కోచింగ్ మీద పెట్టండి. పెల్లెట్ మూతి చదునుగా ఉన్నదే కొనండి. కాగితానికి గుండ్రంగా, అంచు తెగినట్టు రంధ్రం చేస్తుంది, స్కోరు చూడటం సులువు. ఒకే డబ్బా పెల్లెట్లు అన్ని రైఫిళ్ళకీ ఒకేలా పడవు. రెండు మూడు రకాలు తెచ్చి, రైఫిల్‌ని ఆనించి పెట్టి, ఒక్కో రకం పదేసి కాల్చి, ఏది దగ్గరగా పడుతుందో చూసుకోండి.

గాలి సిలిండరున్న పీసీపీ రైఫిల్ అయితే ఇంకో మూడు మాటలు. సిలిండరులో 200 బార్ ఒత్తిడి ఉంటుంది. మన కారు టైరులో ఉండేదానికి దాదాపు వంద రెట్లు. దాని మీద తయారీ తేదీ చెక్కి ఉంటుంది, పదేళ్ళు దాటినదాన్ని వాడకండి, సెకండ్ హ్యాండ్‌లో కొంటే మొదట చూడాల్సింది అదే. గాలి తప్ప ఇంకేదీ నింపకండి. తెలిసినవాళ్ళ వెల్డింగ్ షాపులో ఆక్సిజన్ ఉంది కదా అని నింపితే పేలిపోతుంది. ఈ మాట అతిశయోక్తి కాదు. వాల్వు దగ్గర కుట్టుమిషన్ నూనె వేయవద్దు, ఆ ఒత్తిడిలో నూనెకి మంట అంటుకుంటుంది. డైవింగ్ ట్యాంకు నుంచి నింపుకునే వీలు మన ఊళ్ళో ఉంది, కానీ గాలిలో తేమ తీసే ఫిల్టర్ ఉందో లేదో అడగండి.

తేమ మాట వచ్చింది కాబట్టి, విశాఖలో తుపాకీకి పెద్ద శత్రువు ఉప్పుగాలి. ఏ విదేశీ వీడియోలోనూ ఈ సంగతి చెప్పరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా ఇంట్లో రెండు కిటికీలు పోయాయి, రోజుల తరబడి కరెంటు లేదు. రైఫిల్ స్పాంజి ఉన్న కేసులో పెట్టి, ఎత్తుగా అటక మీద ఉంచాను, నీళ్ళు తగలలేదు కదా అని నిశ్చింతగా ఉన్నాను. పదిరోజుల తర్వాత తెరిచాను. బారెల్‌కి స్పాంజి ఒత్తుకున్నంత మేర, ఆ గీత పొడవునా, పసుపు కుంకుమ కలిపి చల్లినట్టు చుక్కలు. వేలితో రాస్తే వేలికి అంటింది. నూనె గుడ్డతో మెల్లగా తుడిస్తే పైది పోయింది, కింద సన్నటి గుంటలు మిగిలిపోయాయి. ఇప్పటికీ ఉన్నాయి. స్పాంజి తేమని పట్టుకుని ఉక్కుకి ఆనించి ఉంచుతుంది. అందుకే కేసు ప్రయాణానికి మాత్రమే. ఇంట్లో తాళం వేసే ఇనుప బీరువాలో నిలువుగా, గాలి ఆడేలా, సిలికా జెల్ సంచులతో పెట్టండి. ఆ సంచులని నెలకోసారి ఎండలో గానీ తక్కువ సెగ మీద గానీ ఆరబెట్టండి. రేంజ్ నుంచి రాగానే చేతి చెమట తగిలిన ఉక్కు భాగాలని సన్నగా నూనె అద్దిన గుడ్డతో తుడవండి. మే నెలలో జాకెట్ వేసుకుని గంటన్నర కాల్చాక చేతుల్లోంచి ఎంత ఉప్పు కారుతుందో మీరే చూస్తారు. జాకెట్‌ని కూడా మడిచి పెట్టకుండా హ్యాంగరుకి వేసి నీడలో ఆరనివ్వండి.

డాబా మీద ప్రాక్టీసు వద్దు. గాజువాకలో ఇళ్ళు ఎంత దగ్గరగా ఉంటాయో మీకు తెలుసు. 7.5 జౌల్స్ పెల్లెట్ కూడా కన్ను తీసేస్తుంది. గోడకి తగిలిన పెల్లెట్ వెనక్కి కూడా వస్తుంది. పక్క డాబా మీద బట్టలు ఆరేసుకునే ఆవిడ ఎప్పుడు వస్తారో మీకు తెలియదు. పిట్టల మీద, పావురాల మీద గురి చూడాలన్న సరదా ఉన్నా మానుకోండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఎయిర్‌గన్‌కీ వర్తిస్తుంది. కంబాలకొండ లాంటి అభయారణ్యం ఊళ్ళోనే ఉంది. ఆ చుట్టుపక్కలకి రైఫిల్ తీసుకుని వెళ్ళడం కూడా తప్పే అనుకోండి.

ఇంట్లో చేయగలిగిన మంచి సాధన ఒకటుంది. పెల్లెట్ లేకుండా, గాలి లేకుండా, తెల్ల గోడకి ఎదురుగా నిలబడి, రైఫిల్ ఎత్తి, సైట్ మాత్రం చూస్తూ, డ్రై ఫైర్ (ఉత్తుత్తి కాల్పు) మోడ్‌లో ట్రిగ్గర్ వదలడం. ఆ క్షణంలో ముందు సైట్ కదిలిందా లేదా అన్నదే చూడాలి. టార్గెట్ లేకపోతే మనసు పాయింట్ల మీదకి పోదు. రోజుకి ఇరవై నిమిషాలు చాలు. మొదలుపెట్టేముందు గది తలుపు వేసి, బారెల్లో ఏమీ లేదని కంటితో చూసి, చూపుడువేలు చివరిదాకా ట్రిగ్గర్ గార్డు బయటే ఉంచండి. రేంజ్‌లో బారెల్ గుండా నారింజ రంగు దారం వేసి ఉంచుతారు, ఆ దారం ఇంట్లో కూడా ఉంచండి. పెల్లెట్లు సీసం కాబట్టి కాల్చాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా టీ గ్లాసు పట్టుకోవద్దు. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఇది మరీ ముఖ్యం.

.22 రైఫిల్ లైసెన్సు గురించి కూడా ఒక పేరా రాస్తాను, ఎందుకంటే ఏడాది తర్వాత మీరు అదే అడుగుతారు. సొంతానికి తుపాకీ కావాలంటే 21 ఏళ్ళు నిండాలి, మీకు నిండాయి. చాలామంది ఆత్మరక్షణకి అని రాసి తిరస్కరణ తెచ్చుకుంటారు. ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌లో, గుర్తింపు పొందిన రైఫిల్ క్లబ్బు లేదా అసోసియేషన్ సభ్యుడు టార్గెట్ ప్రాక్టీసు కోసం .22 రైఫిల్ అడిగితే ఇవ్వాలన్న మాటే ఉంది. మీ మీద కేసులు, మానసిక అనారోగ్యం లాంటి అడ్డంకులు లేకపోతే ఆ దారి బలమైనది. ఆస్తి లేదన్న ఒక్క కారణంతో తిరస్కరించకూడదని కూడా చట్టంలోనే ఉంది, ఉద్యోగస్తుడైన మీరు దాని గురించి టెన్షన్ పడక్కర్లేదు. దరఖాస్తుతో పాటు డాక్టరు సర్టిఫికెట్, ఆయుధ భద్రతా శిక్షణ పత్రం, తుపాకీ ఇంట్లో ఎలా భద్రపరుస్తారో వివరం అడుగుతారు. పోలీసు విచారణకి ఇంటికి వస్తారు. రూల్సులో పోలీసు రిపోర్టుకి 30 రోజుల గడువుంది, ఆచరణలో నెలలు పడుతుంది, ఓపిక పట్టండి. లైసెన్సు ఐదేళ్ళకి ఇస్తారు, గడువు ముందే రెన్యువల్ పెట్టాలి. ఎన్నికలొస్తే తుపాకీ డిపాజిట్ చేయమని నోటీసు రావచ్చు, వచ్చిన రోజే చేసి రశీదు తెచ్చుకోండి. 9 మిల్లీమీటర్ల పిస్టళ్ళు మామూలు పౌరులకి నిషిద్ధ బోరు, వాటి గురించి ఎవరైనా ఆశ చూపిస్తే అక్కడినుంచి లేచి వచ్చేయండి.

మీ చెల్లెలికి 14 ఏళ్ళు, తను కూడా నేర్చుకుంటానంటోందని రాశారు. తీసుకురండి. సొంత తుపాకీకి వయసు చాలదు గానీ, రేంజ్‌లో కోచ్ పర్యవేక్షణలో నేర్చుకోవడానికి ఆ వయసు చక్కగా సరిపోతుంది. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చినప్పటికి ఆమెకి ఇంకా 18 ఏళ్ళే. తల్లిదండ్రుల అనుమతి కాగితం, ఆధార్ జిరాక్సు వెంట ఉంచుకోండి. ఇద్దరూ మెత్తటి స్పోర్ట్స్ షూస్ కాకుండా అడుగు చదునుగా, గట్టిగా ఉన్న బూట్లు వేసుకోండి, ఖాళీ కడుపుతో రాకండి.

ఊరికి ఫోన్ చేసి తాతగారి లైసెన్సు పుస్తకం వెతికించండి. బీరువాలో దొరక్కపోతే తుపాకీ కొన్ననాటి బిల్లు, పాత రెన్యువల్ చలానా ఏదైనా దొరుకుతుందేమో చూడమనండి. తుపాకీని మాత్రం ఎవరూ తాకవద్దని, లోపల గుండు ఉందో లేదో చూద్దామని తెరవవద్దని గట్టిగా చెప్పండి. పుస్తకంలో చివరి రెన్యువల్ ఏ సంవత్సరం దాకా ఉందో రాయండి. గడువు ఆయన ఉండగానే అయిపోయి ఉంటే అర్జీలో ఆ మాట ఎలా రాయాలో విడిగా చెబుతాను.